పదిహేడో ప్రశ్న

ఏప్రిల్ 19, శనివారం, ఉదయం పదకొండూ ఇరవైకి పదిహేడో ప్రశ్నకు జవాబు మారింది. పదో తరగతి సైన్సు పరీక్ష అయిపోయి అప్పటికి ఇరవై మూడు రోజులు.

మార్చింది ఒక కాగితం. విద్యాశాఖ జీపులో వచ్చింది. కింద రెండు సంతకాలున్నాయి, ఒకటి శాఖ కార్యదర్శిది, రెండోది మత మండలి అధ్యక్షుడిది. క్యాంపు ఆఫీసరు దాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివి, గుమస్తా చేత కాపీలు తీయించి గది గదికీ పంపాడు.

పేపర్లు దిద్దే క్యాంపు బాలికల హైస్కూల్లో జరుగుతోంది. ఆరో గదికి పెద్ద సైన్సు టీచరమ్మ. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, అందులో పదకొండేళ్ళు ఈ క్యాంపుల్లో. ఆమె కింద ఐదుగురు టీచర్లు ఎర్ర సిరాతో దిద్దుతారు. వాళ్ళు దిద్దినవి ఆమె ఆకుపచ్చ సిరాతో చూస్తుంది. ఆకుపచ్చ సిరా పడితే ఎర్ర సిరా చెల్లదు.

కాగితాన్ని ఆమె పైకి చదివింది.

ప్రశ్న ఇది: సముద్రానికి రెండు వందల మైళ్ళ దూరంలో ఉన్న కొండరాళ్ళలో గవ్వలు ఎందుకు కనిపిస్తాయి? ఐదు మార్కులు. సైన్సు పుస్తకం 112వ పేజీలో దీనికి జవాబుంది. అక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది, కోట్ల ఏళ్ళలో దాని అడుగు పైకి లేచి కొండ అయింది. మండలి వేసిన ‘విలువల పాఠం’ పుస్తకంలో ఇంకో జవాబుంది. మనుషుల పాపం పండి జలప్రళయం వచ్చింది, ఆ నీళ్ళు గవ్వల్ని కొండ మీదికి మోసుకొచ్చాయి. మూడేళ్ళ కింద బళ్ళకు గదులు చాలకపోతే మండలి తన ప్రార్థన మందిరాల్లో చోటిచ్చింది. బదులుగా శాఖ అన్ని బళ్ళలోనూ మొదటి పీరియడు మండలికిచ్చింది. ఆ పీరియడుకు పరీక్ష ఉండదని ఒప్పందం.

కొత్త కాగితం ప్రకారం జలప్రళయం అని రాస్తే ఐదు. సముద్రపు అడుగు లేచిందని రాస్తే రెండు.

“పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసినోడికి రెండా?” అంది కిటికీ దగ్గర బల్ల మీది టీచరు.

“రెండైనా వేశారు, సంతోషించు తల్లీ. పుస్తకం రాసినోడికి సున్నా వేసుంటారు,” అన్నాడు కళ్ళద్దాల మాష్టారు. ఆయన కళ్ళద్దాలకు ఒక కాడ లేదు, దారం కట్టి చెవికి తగిలించుకుంటాడు. గదిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

“నవ్వులాట కాదు సార్. రెండు వేల ఆరు వందలు దిద్దేశాం.”

“దిద్దినవాటినే మళ్ళీ దిద్దుతాం. మనకేం కొత్త? పిండిన బట్టనే పిండమంటారు, నీళ్ళు రాలేదేమని అడుగుతారు.”

టీచరమ్మ నవ్వలేదు. పాత కట్టలన్నీ విప్పమంది. పదిహేడో ప్రశ్న ఒక్కటే చూడాలి, ఐదును రెండు చెయ్యాలి, జలప్రళయానికి వేసిన సున్నాను ఐదు చెయ్యాలి, మొత్తం సవరించాలి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఆ పని శనివారం, ఆదివారం, సోమవారం మధ్యాహ్నం దాకా నడిచింది.

సోమవారం మూడు గంటలకు కిటికీ దగ్గరి టీచరు ఒక పేపరు తీసుకొచ్చి ముందు పెట్టింది.

“ఇది చూడండి మేడం. ముందు జలప్రళయం రాసింది. కొట్టేసింది. కింద పుస్తకంలోది రాసింది. దీనికెంత వెయ్యాలి?”

టీచరమ్మ పేపరు చూసింది.

మామూలుగా ఏ జిల్లా పేపర్లు ఆ జిల్లాలో దిద్దరు. ఈ ఏడు దిద్దేవాళ్ళు చాలక ఎక్కడివక్కడే ఉంచి, నంబరున్న ముక్క చించి కోడ్ వేశారు. పేరు లేదు, నంబరు లేదు, బడి పేరు లేదు. జవాబు కింద మాత్రం ఒక గవ్వ బొమ్మ ఉంది. మెలికలు తిరిగిన గవ్వ, మూతి దగ్గర ఒక పెచ్చు ఎగిరిపోయినట్టు గీసి ఉంది. పెచ్చు ఎగిరిన ఆ గవ్వ టీచరమ్మ బడిలో, సైన్సు గది కిటికీ గట్టు మీద ఉంది. అరచేయంత రాయి, రాయిలో గవ్వ. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక పిల్ల తెచ్చింది. వాళ్ళ నాన్న క్వారీలో రాయి కొడతాడు. ఆ రోజు నుంచి క్లాసులో ఆ పిల్ల పేరు గవ్వ. హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరుతో ఎవరూ పిలవరు.

పరీక్షలయ్యాక గవ్వ ప్రశ్నపత్రాలన్నీ పట్టుకొచ్చింది. ఇద్దరూ కూర్చుని ఏది ఎంత రాసిందో లెక్క వేశారు. ఆరు వందలకు ఐదు వందల ముప్పై రెండు వచ్చింది. ప్రభుత్వ సైన్సు కాలేజీలో జిల్లాకు నలభై సీట్లు. చదువూ, తిండీ, హాస్టలూ అక్కడే. కిందటేడు చివరి సీటు ఐదు వందల ఇరవై ఎనిమిదికి ఆగింది. “సీటొస్తే పంపుతాను టీచరమ్మా, నా మాట మీద నిలబడతాను,” అన్నాడు వాళ్ళ నాన్న. “రాకపోతే క్వారీ కాటా దగ్గర చీటీలు రాసే పని ఉంది. మేస్త్రీతో మాట్లాడి పెట్టాను. మీరింకేం చెప్పకూడదు.” ఆమె సరేనంది.

“మేడం?” అంది కిటికీ దగ్గరి టీచరు.

“పక్కన పెట్టు,” అంది టీచరమ్మ. “ఇలా కొట్టేసినవి ఇంకా ఉంటే అన్నీ తీసి పెట్టండి.”

సాయంత్రానికి ఆరో గదిలో అలాంటివి నలభై ఒకటి తేలాయి.

అన్నిటిలోనూ గీత ఒక్కటే. జవాబు మొదటి మాట దగ్గర మొదలై చివరి మాట దగ్గర ఆగింది. ఆ గీత ఎక్కడిదో టీచరమ్మకు తెలుసు. జనవరిలో పెట్టిన పరీక్షలో గవ్వ ఇలాగే ముందు జలప్రళయం రాసింది. పొద్దున్నే మొదటి పీరియడులో విన్నది చేతికి ముందు వచ్చింది. టీచరమ్మ దాని మీద ఎర్ర సిరాతో ఒక గీత గీసి, క్లాసు మొత్తానికీ చూపించి చెప్పింది. “అది ఆ పీరియడుకి. ఇక్కడ పుస్తకంలోది రాయండి. అలవాటుగా అది వచ్చేసిందనుకో, కంగారు పడొద్దు. గజిబిజిగా గీకొద్దు. ఒకే ఒక్క గీత కొట్టి కింద రాయండి.”

తక్కినవాళ్ళకు వాళ్ళ వాళ్ళ టీచర్లు అదే చెప్పి ఉంటారు.

దిద్దేవాళ్ళకిచ్చే పుస్తకంలో తొమ్మిదో నిబంధన ఒక్క వాక్యం. విద్యార్థి కొట్టివేసిన జవాబుకు మార్కులు వేయరాదు.

మంగళవారం ఉదయం ఆమె నలభై ఒక్క పేపర్లూ తీసుకుని క్యాంపు ఆఫీసరు గదికి వెళ్ళింది. ఆఫీసరు ఆమె కన్నా చిన్నవాడు, ఒకప్పుడు ఆమె దగ్గరే అప్రెంటిస్ టీచరుగా చేశాడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

“ఐదు మార్కుల జవాబు పేపరు మీదే ఉంది,” అంది ఆమె. “గీత కిందైనా చదవడానికి వస్తోంది. వెయ్యనివ్వు.”

“కొట్టేసింది కదా మేడం.”

“కొట్టేసిన రోజున అది తప్పు. ఇప్పుడు ఒప్పంటున్నారు. పిల్లలు పరీక్ష రాశాక జవాబు మార్చింది మీరు కదా?”

“నేను కాదు మేడం. జవాబు మండలిది. మా వరకు నిబంధనే.” అతను గొంతు తగ్గించాడు. “మీకు చెప్పేదేముంది? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ పక్క గదిలో మండలి పరిశీలకుడున్నారు. ఆయన సరేనంటే నేను కళ్ళు మూసుకుంటాను. మీకు బంధువులే కదా.”

బంధువే. అక్క మొగుడు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ బడిలో లెక్కల మాష్టారుగా చేసి రిటైరయ్యాక మండలిలో చేరాడు. హెడ్మిస్ట్రెస్ గదిలో ఫ్యాను కింద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆమెను చూసి మడిచి పక్కన పెట్టాడు.

“రా మరదలమ్మా. మూడు రోజులుగా ఒకే కప్పు కింద ఉన్నాం, ఒక్కసారి తొంగి చూడలేదు. మీ అక్క నిష్ఠూరం వేస్తోంది.”

“అక్కకి నేను చెప్పుకుంటాలే బావా. ఇది చూడు.”

ఆయన నాలుగు పేపర్లు చూశాడు. ఐదోది చూడలేదు.

“ముందు వాళ్ళు సున్నా అన్నారు, తెలుసా?” అన్నాడు. “సైన్సు పుస్తకంలోది రాస్తే సున్నా. నాలుగు రోజులు కూర్చుని నేను రెండు ఇప్పించాను. ఆ కమిటీలో బడి మెట్లెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే.”

“అయితే అక్కతో చెప్పి దండ వేయిస్తాను.”

“వెయ్యించు. ఇంకెవరూ వెయ్యట్లేదు.”

“కొట్టేసినదాన్ని లెక్కలోకి తీసుకోమని ఒక్క ముక్క రాసివ్వు. నలభై ఒక్క మంది పిల్లలు. అందులో మా బడి పిల్ల కూడా ఉంది, కాలేజీ సీటు దీని మీదే ఉంది.”

ఆయన కళ్ళద్దాలు తీశాడు. “రాయకపోతే తెలియలేదనుకోవచ్చు. రాసి కొట్టేస్తే ఏమనుకోవాలి? నమ్మలేదనేగా. మండలిలో ఈ పేపర్లు చూపిస్తే ఆ రెండు కూడా పీకేస్తారు.”

“నమ్మడం నమ్మకపోవడం కాదు. నేను కొట్టమన్నాను, కొట్టారు.”

ఆయన తలుపు వైపు చూశాడు. తలుపు వేసే ఉంది.

“ఆ మాట నాతో అన్నావు, అయిపోయింది. ఇంకెక్కడా అనకు. నీకింకా నాలుగేళ్ళ సర్వీసుంది.”

“బావా, మీ బళ్ళో లెక్కల్లో ఎవడైనా ఒప్పు రాసి కొట్టేస్తే నువ్వేం చేసేవాడివి?”

“వేసేవాణ్ణి,” అన్నాడాయన వెంటనే. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, “అప్పుడు నా క్లాసు నాది. కొట్టివేత నిబంధన ప్రభుత్వానిదమ్మా. మేము జవాబు వరకే,” అన్నాడు.

ఆమె పేపర్లు తీసుకుంది.

“ఆదివారం భోజనానికి రా. మీ అక్క చూస్తూ ఉంటుంది,” అన్నాడు.

మంగళవారం ఒంటిగంటకు టీచర్లంతా భోజనానికి వెళ్ళారు. కళ్ళద్దాల మాష్టారు టిఫిన్ డబ్బా మర్చిపోయి వెనక్కి వచ్చేసరికి టీచరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ముందు ఆ పేపర్లున్నాయి. చేతిలో ఆకుపచ్చ పెన్నుంది. కొట్టేసిన జవాబు పక్కన ఐదు వేసి, కింది జవాబు పక్కన ఉన్న రెండును తీసేసి, మొత్తం మారుస్తోంది.

“మేడం,” అన్నాడు. “మీ బడి పిల్ల ఉందా ఇందులో?”

“ఉంది.”

“మరి ఆ ఒక్కదానికీ వేసి ఊరుకోకపోయారా? ఎవడికి తెలుస్తుంది?”

“ఒక్కదానికి వేస్తే దొంగతనం మాష్టారూ. నలభై ఒకటికీ వేస్తే పొరపాటంటారు.”

ఆయన డబ్బా తీసుకున్నాడు. “నేను చూళ్ళేదు. ఎలాగూ నా కళ్ళద్దాలకు కాడ లేదు,” అని వెళ్ళిపోయాడు.

బుధవారం, 23న, మధ్యాహ్నం రెండున్నరకు లెక్క సరిచూసే గుమస్తా ఆ పేపర్లు పట్టుకున్నాడు. అతను జవాబులు చదవడు, కూడికలు చూస్తాడు. పేపరు మీద కొట్టివేత ఉన్నచోట మార్కు ఉండకూడదని అతనికి నేర్పారు. ఆ గదిలో నలభై ఒక్క చోట్ల ఉంది. అతను వెళ్ళి ఆఫీసరుకు చెప్పాడు.

ఈసారి ఆఫీసరే ఆరో గదికి వచ్చాడు. టీచర్లను బయటికి పంపాడు.

“మీ మీద రిపోర్టు రాయడం నాకిష్టం లేదు మేడం.”

“రాయి. నేను భయపడట్లేదు.”

“అది కాదు. రిపోర్టు రాస్తే ఆరో గదిని సీలు చెయ్యాలి. మీ సంతకం ఉన్న పేపర్లన్నీ ఆగిపోతాయి. మూడు వేల వంద. వాళ్ళ రిజల్ట్ పక్కన ‘నిలిపివేయబడింది’ అని వస్తుంది. విచారణ పూర్తయ్యేది ఎప్పుడో. కాలేజీ దరఖాస్తులకు ఆఖరి తేదీ మే 14.” అతను బల్ల అంచు మీద చెయ్యి పెట్టాడు. “అప్పుడు మీ నలభై ఒక్క మందికీ సీటు రాదు, తక్కిన మూడు వేల మందికీ రాదు. మీరే దిద్దేస్తే రిపోర్టు లేదు. సాయంత్రం ఆరుకి బండి వస్తుంది.”

“మీ బావగారికీ చెప్పి చూశాను,” అన్నాడు మళ్ళీ. “నాకు చెప్పకు, నేను విననట్టే అన్నారు.”

ఆమె గడియారం చూసింది. నాలుగైంది.

దిద్దేవాళ్ళు తాము వేసిన మార్కు కొట్టేయాలంటే పద్ధతి ఉంది. ఒక్క గీత కొట్టాలి, కొత్త మార్కు వెయ్యాలి, పక్కన పొట్టి సంతకం, తేదీ. అవి ఉంటేనే ఆ కొట్టివేత చెల్లుతుంది. పిల్లల కొట్టివేతకు సంతకం అక్కర్లేదు. గీత ఉంటే చాలు.

నాలుగూ పదికి మొదలుపెట్టింది. ఐదుకు గీత, రెండు, సంతకం, తేదీ. గవ్వ బొమ్మ ఉన్న పేపరు ఇరవై తొమ్మిదోది. దాన్ని తీసి అడుగున పెట్టింది. నలభై పూర్తయ్యాక మళ్ళీ అదే మిగిలింది. దానికీ గీత కొట్టి, రెండు వేసి, సంతకం పెట్టింది. ఐదూ ముప్పై ఐదుకు కట్ట కట్టి ఆఫీసరుకు ఇచ్చింది. ఆరుకు బండి వచ్చింది.

మే 9న రిజల్ట్స్ వచ్చాయి. ఆరో గది పేపర్లలో ఒక్కటి కూడా ఆగలేదు.

మే 12, సోమవారం, మార్కుల మెమోలు పంచారు. గవ్వ పదకొండింటికి బడికి వచ్చింది. మెమో తీసుకుని సైన్సు గదికి వచ్చింది. ఐదు వందల ఇరవై తొమ్మిది.

“తక్కినవన్నీ మనం లెక్కేసినట్టే వచ్చాయి టీచర్,” అంది. “సైన్సులోనే మూడు తగ్గాయి.”

“కిందటేడు ఇరవై ఎనిమిదికి ఇచ్చారు. దరఖాస్తు పెట్టు.”

“ఈ ఏడు అందరికీ పెరిగాయట టీచర్. జలప్రళయం రాసినవాళ్ళకి పూర్తి మార్కులట. మొన్న మందిరంలో పెద్దాయన చెప్పారట, మనం గెలిచాం అని. నాన్న విని వచ్చాడు. నేను ముందు అదే రాశాను.”

“తెలుసు,” అంది టీచరమ్మ.

గవ్వ తలెత్తింది. “మీకెలా తెలుసు?”

కారిడార్లో ఎవరో బకెట్ ఈడ్చుకుంటూ వెళ్తున్నారు. టీచరమ్మ వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“నీ పేపరు నా దగ్గరికే వచ్చింది. రెండు వేసింది నేనే.”

గవ్వ మెమోను రెండు మడతలు పెట్టింది. తర్వాత అడిగింది.

“గీత సరిగ్గానే కొట్టానా టీచర్? మీరు చెప్పినట్టు ఒక్కటే కొట్టాను.”

“సరిగ్గానే కొట్టావమ్మా.”

“మళ్ళీ దిద్దమని అడగచ్చా?”

“కూడిక తప్పితేనే చూస్తారు. కూడిక సరిగ్గానే ఉంది.”

గవ్వ సంచీలోంచి ఫారం తీసింది. ఇద్దరూ కలిసి నింపారు. హెడ్మాస్టరు సంతకం పెట్టించి, ముద్ర వేయించి, ఆ సాయంత్రమే టీచరమ్మ స్వయంగా పోస్టాఫీసుకు వెళ్ళి రిజిస్టరు చేసింది. రసీదు గవ్వకు ఇచ్చింది. కిటికీ గట్టు మీద రాయి అక్కడే ఉంది. తీసుకెళ్తావా అని ఆమె అడగలేదు. పిల్ల కూడా అటు చూడలేదు.

ఆ మధ్య రెండు ఆదివారాలు అక్క భోజనానికి పిలిచింది. టీచరమ్మ ఒంట్లో బాగాలేదని చెప్పింది. మూడో ఆదివారం బావ ఒక్కడే వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

“ఆ పిల్లకి వచ్చిందా?”

“జాబితా ఇంకా పడలేదు.”

“రావాలి,” అన్నాడు. “వస్తే నాకు ఫోన్ చెయ్యి.” చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోయాడు.

మే 28న జాబితా జిల్లా ఆఫీసు గోడ మీద అంటించారు. నలభై పేర్లు. చివరి సీటు ఐదు వందల ముప్పై ఒకటికి ఆగింది. గవ్వ నంబరు లేదు. టీచరమ్మ ఫోన్ చెయ్యలేదు. బావా చెయ్యలేదు.

జూన్ 2 నుంచి గవ్వ క్వారీ కాటా దగ్గర పనిలో ఉంది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు వరకు. లారీ నంబరు, బరువు, టైము చీటీ మీద రాసి డ్రైవరుకు ఇవ్వాలి.

జూన్ 16న బడి తెరిచారు. అదే రోజు పదో తరగతి కొత్త పుస్తకాలు వచ్చాయి. శాఖకూ మండలికీ కుదిరిన ఒప్పందం ప్రకారం సైన్సు పుస్తకంలోంచీ, ‘విలువల పాఠం’లోంచీ గవ్వల పాఠం తీసేశారు. సైన్సు పుస్తకం 112వ పేజీలో సబ్బు తయారుచేసే విధానం ఉంది.